బొబ్బిలికథ ఆగిన చోటు

బొబ్బిలికథ వినని తెలుగిల్లు లేదు. జంగములు తంబురయు గుమ్మెటలును పట్టుకొని తెల్లవార్లు పాడిన పాట యది. దిట్టకవి నారాయణకవి దానిని రంగరాయచరిత్రమను ప్రబంధముగా కూర్చెను. శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రిగారును, వేదము వేంకటరాయశాస్త్రిగారును దానిని రంగస్థలమున కెక్కించిరి. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు పాటను పరిష్కరించి ప్రకటించిరి. 1964లో నొకసారియు, 1986లో నొకసారియు అది చలనచిత్రమై, చదువురాని వారి యొద్దకును పోయెను. మల్లమ్మ పేరును పాపారాయుని పేరును ఎఱుగని బిడ్డ మన యిండ్లలో అరుదు.

ఇన్ని రూపములలోను కథ ఒక్కచోటనే ఆగుచున్నది. 1757 జనవరి 24వ తేదీన కోట కూలినది. స్త్రీలును బిడ్డలును అగ్గిపాలైరి. మూడు రాత్రుల పిమ్మట తాండ్ర పాపారాయుడు విజయరామరాజు డేరాలో చొరబడి యతనిని పొడిచి, తానును ప్రాణము విడిచెను. అక్కడ తెర పడును. పాటగాడు మంగళము పాడును. వినువాడు కన్నీరు తుడుచుకొని, అన్యాయమునకు తగిన ప్రతిక్రియ జరిగినదని యూరడిల్లి యింటికి పోవును.

కథ ఎచ్చట ఆగవలయునో నిర్ణయించు స్వాతంత్ర్యము కవికి కలదు. దానిని మేము కాదనము. కాని రెండువందల యేండ్లకు పైగా ఒక జాతి తన కథను ఒక్కచోటనే ఆపుకొనుచున్నప్పుడు, ఆ యాపుట వలన నేమి మఱుగుపడుచున్నదో అడుగుట విమర్శకుని పని. డేరాలోని ఆ కత్తిపోటుతో ఏదియు ముగియలేదు. విజయరామరాజు తరువాత గద్దె నెక్కిన ఆనందరాజు ఏడాది తిరిగిన కొలదికాలమునకే తన పెద్దలు చెలిమిచేసిన ఫ్రెంచివారిపై కత్తి దూసెను. ఆ దూయుటలో అతనికి తోడైన ఆంగ్లేయులే ముప్పదియేడేండ్లకు పద్మనాభము కడ విజయనగరపు రాజును చంపిరి. బొబ్బిలి యెంత ఘోరమో పద్మనాభ మంత ఘోరము. అయినను పద్మనాభపు పేరు చెప్పినచో మన చదువుకొన్న కుటుంబములలో సగముమందికి కొండమీది యనంతుడు జ్ఞప్తికి వచ్చునే గాని, కొండ క్రింద పడిన శవములు జ్ఞప్తికి రావు.

ఈ యుపేక్షకు కారణము నాకు తోచినంతవరకు ఇది. బొబ్బిలిలో శత్రువు స్పష్టముగా నున్నాడు. ఇరుగుపొరుగు రాజుల పాతపగ మనకు సులభముగా అర్థమగును. అది మన యూరి పొలముగట్ల తగవునకు పెద్దన్న వంటిది. పద్మనాభమున చంపినవాడు నిన్నటి మిత్రుడు. అట్టి కథను పాడుటకు మన వీరగాథలలో బాణీ లేదు. మహాభారతమునైన చూడుడు: యుద్ధమునకు ముందు ఎవరెవరు ఏ పక్షము చేరిరో ఉద్యోగపర్వమున నెంత విపులముగా నున్నదో మనకు తెలియును, గెలిచిన పక్షమువారిలో వారికి యుద్ధానంతరమున నేమయ్యెనో తెలిసికొనుటకు మౌసలపర్వము దాక పోవలయును. ఆ పర్వమును మన యిండ్లలో చదువువారు తక్కువ.

బొబ్బిలికి తిరిగి పోవుదము. మన రచనలలో బుస్సీ పాత్ర ఎట్టిది? ప్రచారములో నున్న కథనములు పెక్కింటిలో అతడు భాష తెలియని తెల్లదొర. దుబాసీ మాట మార్చగా మోసపోయిన యమాయకుడు. విజయరామరాజు చేతిలోని పనిముట్టు. ఇది నాటకమునకు అనుకూలమైన కల్పనయే. చరిత్రకు అనుకూలము కాదు. 1753లో నిజాము సలాబతుజంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచిసేనల జీతభత్యములకై బుస్సీకి అప్పగించెను. భూమి కాగితము మీద వచ్చెను. శిస్తు కాగితము మీద రాదుగదా. దానిని రాబట్టుటకు స్థానికుడైన బలవంతుడొకడు కావలెను. చికాకోలు, రాజమహేంద్రవరము సర్కారుల శిస్తును ఇజారాకు పుచ్చుకొన్న విజయరామరాజు అట్టి బలవంతుడు. బుస్సీకి రూపాయి కావలెను, రాజునకు బొబ్బిలి కావలెను. బొబ్బిలివారు బుస్సీకి శత్రువులు కారు. బుస్సీకి శత్రువులైన ఆంగ్లేయులతో రాజునకు పగ లేదు. ఒకరి శత్రువు ఇంకొకరికి శత్రువు కాని యీ చెలిమిలో ఒకరు రెండవవారిని మోసగించిరనుట కంటె, ఇద్దఱును ఒకే బండి నెక్కి వేఱువేఱు ఊళ్లకు పోదలచిరనుట సమంజసము.

ఆనందరాజునకు ఇది ఇంకను బాగుగ తెలిసియుండవలెను. బుస్సీ తనయెడల చూపిన తీరునకు అసంతుష్టుడై, బుస్సీ దక్షిణమునకు పోయిన పిమ్మట, 1758 సెప్టెంబరులో విశాఖపట్టణమును ఫ్రెంచివారినుండి లాగికొని ఆంగ్లేయుల కిచ్చెను. మదరాసువారికి వ్రాసెను, వారు తమ యాపదలో తామున్నారు. కలకత్తాకు వ్రాసెను. క్లైవు కర్నలు ఫోర్డును ఇంచుమించు ఐదువందల ఐరోపీయులతోను, రెండువేల సిపాయిలతోను ఓడల నెక్కించి పంపెను. అక్టోబరులో వారు విశాఖలో దిగిరి. కశింకోట ప్రాంతమున రాజసేనలతో కలిసికొనిరి. అచ్చట జరిగిన యొడంబడికయే ఈ వ్యాసమునకు గుండెకాయ. దానిని మన నాటకకర్తలలో నొక్కరైనను ముట్టుకొనకపోవుట నాకు మిక్కిలి వింతగా నున్నది. ఏలయన నాటకము మొత్తము అందులోనే యున్నది.

దాని సారాంశ మిది. ఆంగ్లసేన తనతో కలిసి పనిచేసినంత కాలము రాజు నెలకు 50,000 రూపాయలు సేనకును, 6,000 రూపాయలు అధికారులకును ఈయవలయును. ఆ సొమ్ము రాజమహేంద్రవరము తన వశమైనప్పుడు చెల్లింపవలయును. జయించిన దేశములో లోనాడు రాజునకు. విశాఖ మొదలు మచిలీపట్టణము వఱకు తీరమును, రేవుపట్టణములును కుంపిణీకి.

చదువరులు ఈ రెండవ షరతును మఱియొకసారి చదువవలెను. పైకి ఇంతకంటె న్యాయమైన పంపకము లేదు. రాజునకు పొలములు, అడవులు, కొండలు, శిస్తుకట్టు గ్రామములు. వర్తకులకు వర్తకులు కోరునట్టి యిసుకతిన్నెలు. ఆనాడు విజయనగరపు కచ్చేరిలో దీనిని చదివినవారు దొరలు తక్కువకు ఒప్పుకొనిరని నవ్వుకొని యుందురు. కాని తీరము ఎవనిదో వానికి సముద్రము కలదు. సముద్రము కలవానికి కలకత్తానుండియు మదరాసునుండియు మనుష్యులు, మందుగుండు, సొమ్ము ఎడతెగక వచ్చుచుండును. లోనాటి రాజు ఒక యుద్ధమున ఓడినచో మఱియొక సేనను కూర్చుకొనుటకు రెండు పంటలు కావలెను. పోనీ, రాజు తీరమును తనకు ఉంచుకొమ్మని పట్టుపట్టగలిగెడివాడా? అతనికి ఓడలు లేవు. కావున అతడు తెలివిలేక సంతకము చేసెనని నేననను. ఆ దినమున అతనికి ఫ్రెంచివాడు శత్రువు, ఆ శత్రువు ఎదుటనే యున్నాడు. ఆ దినమునకు తగిన తెలివి అతనికి కలదు.

డిసెంబరులో చందుర్తి కడ యుద్ధము జరిగెను. ఆంగ్లేయులు కొండూరు యుద్ధమని వ్రాసికొనిరి. ఫోర్డు ఎఱ్ఱ దుస్తుల సిపాయిలను ప్రక్కల నిలిపి, ఐరోపీయ పటాలమును జొన్నచేని వంటి యెత్తైన పైరు వెనుక దాచెను. ఫ్రెంచి సేనాని కోన్‌ఫ్లాన్ ఎఱ్ఱ దుస్తులను చూచి ఆంగ్లేయులే యని భ్రమించి సిపాయిలపై పడెను. తరువాత దాగియున్నవారు బయటికి వచ్చిరి. ఈ యుద్ధమును మనకు విపులముగా వర్ణించినవాడు రాబర్టు ఆర్మ్ అను కుంపిణీ చరిత్రకారుడు. అతని గ్రంథము మంచి గ్రంథమే. బొబ్బిలి ఘోరమును సయితము హృదయము కరగునట్లు వర్ణించినవాడు. కాని చందుర్తి కడకు వచ్చుసరికి అతని కలము వెటకారము నేర్చినది. రాజుగారి గుఱ్ఱపుదళము ఒక చెఱువు పల్లములో నక్కి యుండెనని, ఓడి పాఱిపోవు ఫ్రెంచివారిని తఱుమమనిన కదలలేదని వ్రాసెను. ఇది అబద్ధమని చెప్పుటకు మనయొద్ద సాక్ష్యము లేదు. కాని మిత్రుని గూర్చి ఇట్లు వ్రాయుట యెప్పుడు మొదలగునో గమనింపుడు. ఫ్రెంచివాని తుపాకులు ఎదుట మ్రోగుచున్నంతసేపు రాజు గౌరవనీయుడైన సహాయుడు. తుపాకులు ఆగినతోడనే అతడు పిఱికివాడు, పిసినారి, మాట తప్పువాడు. గెలిచిన పక్షములో ఎవరి వాటా ఎంతయో లెక్కకట్టుటకు ఈ విశేషణములు ముందుగా కావలసియుండును.

చందుర్తి తరువాత ఫోర్డు రాజమహేంద్రవరము చేరి, మచిలీపట్టణముపై పోవలయునని తొందరపడెను. రాజు సొమ్ము ఇంకను ఈయలేదు. జనవరి చివరి వఱకు, అనగా ఇంచుమించు ఏబది దినములు, బేరము జరిగెను. తుదకు క్రొత్త యొడంబడిక యొకటి పుట్టెను: రాజు ఇచ్చు సొమ్ము అప్పుగా ఎంచబడవలయును, గోదావరి ఆవల జయించు దేశముల రాబడిని, ఫ్రెంచివారి సొంత తావులు తప్ప, ఇరువురు సమముగ పంచుకొనవలయును. సంధికి మూడు నెలలు తిరుగకమునుపే కానుక అప్పుగా మాఱినది. అటుపిమ్మట మచిలీపట్టణపు ముట్టడి నడుమ, సలాబతుజంగు సేనతో వచ్చుచున్నాడనియు, రాజమహేంద్రవరము మరల ఫ్రెంచివారి చేతికి పోయినదనియు విని, రాజు చెప్పకయే ఇంటి మొగము పట్టెను. నీ దారి ముందే తెగియుండునని ఫోర్డు కబురంపి మరల్చుకొనెను. 1759 ఏప్రిల్ 7వ తేదీ రాత్రి కోట పడెను. ఆ రాత్రి రాజుగారి కాల్బలము మడబురద మీది గట్టుదారిని నిలిచి, శత్రువు దృష్టిని మరల్చు పనిని నెఱవేర్చెనని ఆర్మ్ ఒప్పుకొనినాడు.

మే నెలలో సలాబతుజంగు మచిలీపట్టణమును దాని చుట్టుపట్ల సీమలను కుంపిణీకి వ్రాసియిచ్చెను. 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానాతో ఉత్తర సర్కారులన్నియు, 1766లో నిజాముతో సంధిచే ఆ ఫర్మానాకు స్థానికపు ముద్రయు వారికి లభించెను. విజయనగరమువారు ఒక్క బాణమైన వేయకయే, ఒక్క ఊరైన పోగొట్టుకొనకయే, మిత్రులనుండి పేష్కషు చెల్లించు జమీందారులైరి. ఆనందరాజు 1760లోనే చనిపోయెను గావున దీనిని చూడలేదు.

ఇప్పుడు కొండలవైపు తిరుగవలయును. మన రచయితలు తూర్పు కనుమలను తెరమీది చిత్రముగా వాడుకొనిరే గాని, అచ్చట మనుష్యులు కలరని తలచినట్లు కానరాదు. అరకులోయ నుండి, అనంతగిరి నుండి, పాడేరు మన్యమునుండి చూచినచో ఈ చరిత్ర వేఱొక రీతిగ కనబడును. ఆనందరాజు తరువాత బాలుడైన విజయరామరాజు పేరిట అతని యన్న సీతారామరాజు దివానుగ నేలెను. దిగువ సీమలోను, కొండ యంచులలోను ఉన్న జమీందారులను పెక్కుమందిని అతడు లొంగదీసెను. ఆ పనికి కుంపిణీ సిపాయిలు తోడుపడిరి. 1775లో కాప్టెన్ మాథ్యూస్ సేనతో కొండలెక్కి జయపురపు కోటను పాడుచేసెను. ఆ కాలమున కుంపిణీవారికి విజయనగరము బలపడుట యిష్టమే; కొండరాజులను అదుపులో నుంచు భారము తమపై లేకుండ పోవుచున్నది. 1784లో వారి సర్క్యూటు కమిటీ విజయనగరమున పండ్రెండువేలకు పైగా సేన కలదనియు, అది కుంపిణీకి అపాయకరమనియు వ్రాసెను. ఆ సేన ఎక్కడనుండి ఊడిపడలేదు. కొండలను అణచుటకు పెంచినదే యది. ఫ్రెంచివారి బెడద లేకుండ పోయి, కొండలు లొంగినపిమ్మట, మిగిలిన బలము కంటికి అపాయముగ కనబడెను.

తరువాత నడచినదంతయు లెక్కల పుస్తకమువంటిది; వేగముగ చెప్పెదను. పేష్కషు పెంచిరి, బకాయి చూపిరి, సేనను చెదరగొట్టుమనిరి. 1793లో సంస్థానమును జప్తు చేసిరి. రాజునకు నెలకు 1,200 రూపాయలు భరణమేర్పఱచి మచిలీపట్టణమునకు పొమ్మనిరి. అతడు పోక పద్మనాభమున విడిసెను. 1794 జూలై 10వ తేదీ వేకువను కర్నలు ప్రెండర్‌గాస్ట్ అతనిపై పడెను. రాజును, అతని చుట్టు నిలిచిన క్షత్రియ కుటుంబముల పెద్దలును అచ్చటనే కూలిరి. ఇంచుమించు ముప్పదియైదేండ్ల క్రిందట ఆనందరాజు తీరమును వదలుకొనెను. ఆ తీరముననే, విశాఖకును భీమునిపట్టణమునకును కొలది మైళ్ల దూరమున, ఇది జరిగెను.

చనిపోయినవాని కుమారుడు నారాయణబాబును తీసికొని అనుచరులు ఎచ్చటికి పోయిరి? కొండలకే. కాశీపురము మొదలుగాగల కొండపాదపు జమీందారులు, ఏ విజయనగరము తమ్మును అణచెనో ఆ విజయనగరపు బిడ్డకు చోటిచ్చిరి. ఈ ఘట్టము నాకు బొబ్బిలికోటలోని ఏ ఘట్టము కంటెను గొప్పగా తోచుచున్నది. పాతపగను మఱచిన యౌదార్యమని దీనిని పొగడవచ్చును. కాని కొండవారికి అప్పటికే తెలిసియుండును: విజయనగరము లేకున్నచో తమకును కుంపిణీకిని నడుమ గోడ లేదని. ఔదార్యమును తెలివియు ఒకేచోట నుండరాదని నియమమేమియు లేదుగదా. కుంపిణీవారు రాజీకి వచ్చిరి. చిన్నవానికి కొంత సంస్థానము తిరిగి యిచ్చిరి. జయపురము, సాలూరు, పాచిపెంట, కురుపాము, మాడుగుల మొదలగు కొండసంస్థానములను మాత్రము అతనినుండి విడదీసి, వేఱువేఱుగ తామే ఒప్పందములు చేసికొనిరి. బొబ్బిలివారికి బొబ్బిలి తిరిగి దక్కెను. 1802లో విజయనగరమునకు ఐదు లక్షల పేష్కషు శాశ్వతముగ నిర్ణయమయ్యెను. 1803లో జయపురమునకు 16,000 రూపాయలు. ఇప్పుడు కొండరాజులు కుంపిణీకి మిత్రులు. విజయనగరమునకు ఎదురు నిలుపుటకు పనికివచ్చినవారు గనుక వారి వంతు శిస్తు తేలిక.

ఆ వంతును కూడ చరిత్ర పూర్తిచేసినది. 1833లో పాలకొండ సంస్థానము పోయెను. గొలుగొండలో 1845 మొదలు 1848 వఱకు తిరుగుబాటు సాగెను. 1839 చట్టముతో గంజాము, విశాఖ జిల్లాల మన్యములను మామూలు న్యాయస్థానముల పరిధినుండి తొలగించి, కలెక్టరును ఏజెంటుగా నియమించి అతని చేతిలో నుంచిరి. ఏజెన్సీ యను మాట మన వాడుకలోనికి అట్లు వచ్చెను. రంపలో ముఠాదారుల సాయముతో మన్సబుదారును నిలిపిరి, మన్సబుదారు సాయముతో ముఠాదారులను అణచిరి. 1879లో ముఠాదారులు తిరుగబడిరి. అల్లూరి సీతారామరాజు 1922లో గూడెము కొండలలో విల్లెత్తునప్పటికి కొండలలో మిత్రుడనదగినవాడు ప్రభుత్వమునకు మిగులలేదు. నర్సీపట్టణమునుండి లంబసింగి మీదుగా వేయు బాటకు కూలి సరిగ ఈయక మనుష్యులను తోలిన డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ పేరు ఆ తిరుగుబాటు కారణములలో ముందు వచ్చుచున్నది. ఆ కొండలకు నేడు జిల్లా పేరుగా 2022 నుండి సీతారామరాజు పేరే యున్నది.

ఇది తెలుగుదేశపు ప్రత్యేక దురదృష్టమని యనుకొనరాదు. పద్మనాభము జరిగిన యెనిమిది మాసములకు, 1795 మార్చిలో, ఖర్డా కడ మహారాష్ట్రులు నిజామును ఓడించిరి. ఈ ఇద్దఱును మూడేండ్ల క్రిందట ఆంగ్లేయులతో కూడి టిప్పుసుల్తానును శ్రీరంగపట్టణమున మోకరింపజేసి, అతని రాజ్యములో సగమును మూడు పాళ్లుగ పంచుకొన్నవారు. పంచుకొన్న ఆంగ్లేయుడు ఖర్డాకు రాకుండ దూరమున నిలిచి చూచెను. 1792లోను 1799లోను నిజామునకు వాటాగ వచ్చిన కడప, బళ్లారి మొదలగు సీమలను 1800లో అతడే సేనవ్యయమునకు బదులుగ కుంపిణీకి దత్తము చేసెను. రాయలసీమకు దత్తమండలమని పేరు తెచ్చిన కథ ఇదియే. కశింకోటలో నెలకు 50,000 రూపాయలని వ్రాసిన లెక్కయే, అంకెలు పెద్దవై, హైదరాబాదులో మరల కనబడినది.

ఇరువదవ శతాబ్దిలో జరిగినది మనలో పెద్దలకు వినికిడియే. హిట్లరు ఉన్నంతకాలము ఆంగ్లేయుడును రష్యనును అమెరికనును ఒకే మాట మాటలాడిరి. 1945 ఫిబ్రవరిలో యాల్టాలో ముగ్గురు నాయకులు ప్రక్కప్రక్కల కూర్చుండి చిత్రము తీయించుకొనిరి. 1946 మార్చిలో చర్చిల్ ఫుల్టనులో ఇనుపతెర యని పేరు పెట్టెను. 1948 జూను నుండి మఱుసటి మే వఱకు బెర్లిను నగరమునకు రష్యా దారులు మూసివేయగా, ఆంగ్లామెరికనులు విమానములతో తిండియు బొగ్గును దింపిరి. జర్మనీని గెలుచుటకు ముందే దానిని ఎవరెవరు ఏయే మండలముగా ఆక్రమింపవలయునో గీత గీసికొనిరి. తరువాత తగవు ఆ గీత వెంబడియే నడచెను. తీరము మాది, లోనాడు మీది యన్న కశింకోట వాక్యమునకు ఇది దూరపుచుట్టమే.

శత్రుత్వమును అట్లే కరగునని చూపుటకు అరకు మీదుగా పోవు రైలుబాట చాలును. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు వేసెను. ఊరిలో సగము జనము పల్లెలకు పాఱిపోయినదని వృద్ధులు చెప్పెడివారు. ఇరువది యేండ్లు తిరుగునప్పటికి, అదే జపానునకు బైలదిల్లా ఇనుపరాయిని పంపుటకై, కొత్తవలస నుండి కిరందులు వఱకు బొఱ్ఱా, అరకు మీదుగా కొండలు తొలిచి బాట వేయుట ఆరంభమైనది. 1960 దశకము చివర అది పూర్తియైనది. ఓడలు బాంబులు పడిన ఆ రేవునుండియే కదలెను. అరకు చూడబోవు కుటుంబములు సొరంగములను లెక్కపెట్టి బిడ్డలకు చూపుచుందురు; ఆ బాట ఎవరితో వచ్చిన యొప్పందమునకు పుట్టినదో చెప్పుట కద్దో లేదో.

ఇచ్చట ఒకరు నన్నాక్షేపింపవచ్చును. బొబ్బిలికథ వీరరసప్రధానమైన కావ్యము; ప్రాణముకంటె మానము గొప్పదని చూపుట దాని ప్రయోజనము; దానిని రాజనీతి పాఠముగ మార్చుమనుట రసభంగము గదా యని. ఆక్షేపణ సామాన్యము కాదు. మల్లమ్మ కథ విని కంట తడిపెట్టని మనస్సుతో చరిత్ర చదివినను ప్రయోజనము లేదు. కాని వీరరసము పగతీర్చుకొనుటతోనే పూర్తియగునని ఏ యాలంకారికుడు చెప్పినాడు? నారాయణబాబునకు చోటిచ్చిన కొండదొరలది వీరము కాదా? మఱియొక మాట. బొబ్బిలిని మాత్రమే పాడుచుండుటచే మనము విజయనగరము, బొబ్బిలి యను రెండిండ్ల తగవును పదేపదే జ్ఞప్తికి తెచ్చుకొనుచున్నాము. చలనచిత్రము వచ్చినప్పుడెల్ల ఎవరి వంశమును తక్కువ చేసిరను వాదు లేచుచున్నది. ఆ రెండిండ్లకును 1794లో ఒక్కనితోనే పని పడినదని చెప్పు కావ్యము ఒక్కటి యున్నచో ఆ వాదుకు అంత బలముండదు.

కుంపిణీవారు ద్రోహులు, రాజులు అమాయకులు అని వ్రాయు మఱియొక పంథా స్వాతంత్ర్యోద్యమ కాలమున బలపడినది. అదియు నాకు నచ్చదు. ఆనందరాజు అమాయకుడు కాడు. సొమ్ము ఎగవేయుటలో ఫోర్డును ఏబది దినములు కూర్చుండబెట్టిన చతురుడు. సీతారామరాజు కుంపిణీ సిపాయిలతో ఇరుగువారి కోటలు పట్టినవాడు. వారిని అమాయకులుగ చిత్రించుటచే వారిపై జాలి కలుగునేమో కాని, వారు ఎచ్చట ఏ లెక్క తప్పిరో తెలియదు. కొండలలో బరువు మోసిన వారినిగూర్చి మాత్రము ఈ రెండు పంథాలవారును సమానముగనే మఱచిరి. మాథ్యూస్ సేన జయపురమునకు ఎక్కిన దారులలో బండి నడువదు. మందుగుండు, బియ్యము, డేరాలు మనిషి భుజము మీదనే పోవలెను. ఆర్మ్ గ్రంథమున వారి పేరుండదు, వంశచరిత్రలలో నుండదు, పాటలో సయితము లేదు.

ఎవరైన నాటకకర్త పూనుకొన్నచో మొదటి రంగము బొబ్బిలికోటలో పెట్టనక్కఱలేదు. రాజమహేంద్రవరము, 1759 జనవరి, గోదావరి గట్టున డేరా. శత్రువు ఓడి పాఱిపోయినాడు. లోపల ఫోర్డును ఆనందరాజును ఎదురెదురుగ కూర్చుండి యున్నారు; నడుమ దుబాసీ యొకడు, అతని చేత కాగితము. గెలిచిన దేశమున ఎవరికెంత యని లెక్క తేలకున్నది. వెలుపల కొండనుండి వచ్చిన కూలివాడు మూట దించుకొని, రేపు ఎటు పోవలెనో చెప్పువారికై ఎదురుచూచుచున్నాడు. వానికి రెండు మాటలైన ఈయవలయును. అవి ఏ భాషలో నుండవలెనో, పాత్రకు తగిన భాష పెట్టుటలో ఆఱితేఱిన వేంకటరాయశాస్త్రిగారు మనకు దారి చూపియే యున్నారు.